వజ్రపక్షికి మెడికల్ బోర్డు

మనిషికి ఆరోగ్యం అంత మంచిది కాదు. ఈ మాట నిద్రమత్తులో అంటున్నది కాదు. టీ తాగి, కుర్చీలో నిటారుగా కూర్చుని, బాగా ఆలోచించి అంటున్నాను. ఆరోగ్యంగా ఉన్నవాడి వల్ల ఇంట్లో ఎవరికైనా ఏమైనా ఒరిగిందా? పొద్దున లేస్తాడు, తింటాడు, డ్యూటీకి పోతాడు, వస్తాడు, పడుకుంటాడు. అంతే! అదే ఒక మంచి రోగం, సరైన వయసులో, సరైన తండ్రికి వచ్చిందనుకోండి, ఒక ఇల్లు నిలబడుతుంది.

నమ్మకం కుదరకపోతే ఒకసారి గోదావరిఖని రండి. లోకంలో ఎక్కడైనా డాక్టరు "మీకేం లేదండీ, గుండ్రాయిలా ఉన్నారు" అంటే దండం పెట్టి నవ్వుకుంటూ బయటికొస్తారు. మా దగ్గర ఆ మాట విన్న మనిషిని ఇద్దరు చెరో రెక్క పట్టుకుని ఆటో ఎక్కించాలి. "అన్‌ఫిట్" అన్నారా, అదే మనిషి మెట్లు రెండేసి చొప్పున దిగి స్వీటు షాపుకు పరిగెత్తుతాడు.

కారణం తేలికే. బొగ్గు బాయిలో పనిచేసే తండ్రిని కంపెనీ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేల్చితే, ఆయన నౌకరి కొడుక్కో కూతురికో వస్తుంది. ఫిట్ అంటే ఆయనే చేసుకోవాలి. రిటైరయ్యే రోజు మరీ దగ్గరపడ్డాక రోగం వచ్చినా దండగే. అందుకని మా ఊళ్లో రోగానికి కూడా టైమింగ్ ఉండాలి.

ఈ సంగతులేవీ తెలియని పెద్దమనుషులెవరో కోట్లు పోసి "వజ్రపక్షి 2090" అనే బొమ్మల సినిమా తీసి, తెలుగులో డబ్బింగ్ చెప్పించి, మా మీదికి వదిలారు. ముసలివాడైన సూపర్ హీరో కథ. మిగతా ఊళ్ల సంగతి నాకు తెలియదు. మా ఊళ్లో దానికి పట్టిన గతి, దాని వెంట నర్సింగానికి పట్టిన గతి చెబుతాను, వినండి.

నర్సింగం ఆ సినిమాకు వినోదం కోసం పోలేదు. చదువుకోవడానికి పోయాడు.

ఆయన అండర్‌గ్రౌండ్‌లో సపోర్టు పని చేస్తాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దన్ను పెట్టే పని. వయసు అరవైకి దగ్గరపడుతోంది. ఒక్కగానొక్క కూతురు మమత డిగ్రీ చదివి, లక్ష్మీనగర్‌లో చీరల దుకాణంలో పొద్దంతా నిలబడి బిల్లులు కొడుతుంది. సర్కారు నోటిఫికేషన్లు రావడం, ఆగడం, కోర్టుకెక్కడం చూసి చూసి విసిగిపోయి పుస్తకాలు మూటకట్టి అటక మీద పెట్టేసింది. ఇక ఆ ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క నోటిఫికేషన్ తండ్రి ఒళ్లు. వచ్చే వారమే ఆయనకు బోర్డు. అది తప్పితే మళ్లీ అవకాశం లేదు.

ఒళ్లు చూస్తే సహకరించేలా లేదని ఆయన దిగులు. మనిషి టేకు దుంగలా ఉంటాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది నిజమే, కానీ బాయిలో దిగేవాళ్లలో అది రానిదెవరికి? దాన్ని కూడా రోగమని చెప్పుకుంటే నలుగురిలో పరువు పోతుందనుకున్నాడు.

పక్క క్వార్టరు సదయ్య ఈ విషయాల్లో పెద్ద దిక్కు. ఆయన కంటిచూపు మీద అన్‌ఫిట్ అయి, కొడుకును నౌకరిలో పెట్టి, కడుపులో చల్ల కదలకుండా ఉన్నాడు. ఇప్పుడు రోడ్డుకు అవతల అగ్గిపెట్టె పడి ఉన్నా ఏ కంపెనీదో ఇవతలినుంచే చెబుతాడు. అది వేరే సంగతి. నర్సింగానికి ముసలితనంలో ట్రైనింగ్ ఇచ్చే బాధ్యత ఆయన ఉచితంగా నెత్తిన వేసుకున్నాడు.

ముందు కుంటడం నేర్పాడు. నర్సింగం క్వార్టర్ల మధ్య పొద్దునా సాయంత్రమూ కుంటుతూ తిరిగాడు. నలుగురూ చూసి సాక్ష్యం చెప్పాలి కదా! మూడో రోజు భార్య ఐలవ్వ నీళ్లు పడుతూ తలెత్తి చూసింది.

"నిన్న ఎడమ కాలు గదనయ్యా?"

నర్సింగం ఆగి, రెండు కాళ్ల వంకా చూసుకుని, కాలు మార్చుకున్నాడు. సదయ్య అరుగు మీదినుంచి పెదవి విరిచాడు.

"బావ, నీకు ముసలితనం చాతనైతలేదు. నడుస్తుంటే పెండ్లికొడుకు లెక్క ఉన్నవు. టాకీసుల గా ముసలి హీరో సినిమా ఆడుతున్నది. నడుము ఎట్ల పట్టుకుంటడో పోస్టర్ల చూశిన. పోయి చూశి నేర్చుకో."

అలా ఆదివారం, బాయి బందుండే రోజు, నర్సింగం, ఐలవ్వ, మమత, ట్రైనింగ్ ఇన్‌ఛార్జిగా సదయ్య, నలుగురూ మ్యాట్నీకి పోయారు. హాలు నిండా బాయి మనుషులే, పిల్లాపాపలతో.

తెర మీద 2090. ఇళ్లు గాలిలో తేలుతున్నాయి. బస్సులకు చక్రాలు లేవు, మనుషులకు చెమట లేదు. ఊరంతా ధగధగా లైట్లు.

"అప్పటికి బొగ్గు ఒడిసినట్టున్నది," అన్నాడు సదయ్య.

"మరి గీ కరెంటు ఎట్లొస్తున్నది?" అని నర్సింగం అడిగాడు. సినిమా వాళ్లు ఆ సంగతి పట్టించుకోలేదు.

వజ్రపక్షికి డెబ్బై దాటాయి. ఒకప్పుడు కొండలెత్తినవాడు ఇప్పుడు సోఫాలోంచి లేవడానికి రెండుసార్లు ఊగి మూడోసారి లేస్తున్నాడు. ఆకాశంలో ఎగురుతూ ఎగురుతూ ఒక మేఘాన్ని పట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నాడు. విలన్ ఎదురుపడితే కన్ను చిట్లించి చూసి, పేరు గుర్తురాక, "నీవు... ఆ... మీ తండ్రిగారు కుశలమేనా?" అని అడుగుతున్నాడు. నర్సింగం ముందు సీటు మీదికి వంగి కళ్లప్పగించి చూశాడు. హీరో మూలిగితే తనూ చిన్నగా మూలిగాడు.

"ఏమైందయ్యా, కడుపుల నొస్తున్నదా?" అంది ఐలవ్వ.

"ప్రాక్టీసు," అన్నాడాయన.

ఆ హీరోకు ఒక కూతురు. పేరు తార. తండ్రి కంటే వేగంగా ఎగరగలదు, ఒంటిచేత్తో బస్సు ఎత్తగలదు. ఏం లాభం? ఊరికి ఒకే ఒక్క రెక్కల డ్రెస్సు. తండ్రి డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఆమె ఆ డ్రెస్సు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యడమే. ఇది చూడగానే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సినిమా తీసినవాళ్లకు తెలుసో లేదో గాని, మావాళ్లకు తెలిసిపోయింది. ఇది డిపెండెంట్ కేసు!

ఇంటర్వెల్ ముందు వీరుల మండలి హీరోను పిలిపించింది. ఒక రోబో డాక్టరు ఆయన ఒంటి మీద ఆకుపచ్చ లైటు కొట్టి, తల పంకించి, ఒక కాగితం చేతికిచ్చింది. వయొలిన్లు బావురుమన్నాయి. రోబో గొంతు బొంగురుపోయింది.

"వజ్రపక్షీ! చింతిస్తున్నాను. నీవు ఇక అన్‌ఫిట్!"

దర్శకుడు ఇక్కడ జేబురుమాళ్లు తడవాలని లెక్కవేసి ఉంటాడు. మా హాలు పైకప్పు లేచిపోయింది. ఈలలు, చప్పట్లు, చింపిన కాగితాలు. ముందు వరసలో ఒకాయన లేచి తువ్వాల తిప్పుతూ చిందేశాడు. "స్వీట్లేవిరా!" అని బాల్కనీలోంచి ఎవరో కేకేశారు. ముక్కూమొహం తెలియని మనుషులు ఒకరికొకరు చేతులు కలిపి ముబారక్ చెప్పుకున్నారు. ఐలవ్వ మమత చెయ్యి గట్టిగా పట్టుకుంది. నర్సింగానికి నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"పిల్ల గట్టెక్కింది," అన్నాడు.

ఎక్కడ గట్టెక్కింది? వజ్రపక్షి మోకాళ్ల మీద కూలబడి, "లేదు! నాకు మరొక్క అవకాశం ఇవ్వండి! నేను ఫిట్!" అని గర్జించి, ఆ కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపి గాలిలోకి విసిరాడు.

హాలు చల్లబడిపోయింది.

"చింపిండు," అన్నాడు సదయ్య గుండె మీద చెయ్యేసుకుని. "ఆర్డర్ కాయితం చింపిండు బావ."

"వీనికి పిచ్చిలేసిందా ఏంది? పిల్ల ముందలనే నిలవడ్డది గద," అన్నాడు నర్సింగం.

"నోటికాడి ముద్ద ఎత్తగొట్టిండు," అంది ఐలవ్వ. ఆమెకు హీరో అంటే అసహ్యం పుట్టింది.

ఇంటర్వెల్ తరువాత సినిమా చరిత్రలో ఎప్పుడూ జరగనిది జరిగింది. హాలు హాలంతా విలన్ పక్షం వహించింది. విలన్ కొట్టిన ప్రతి దెబ్బకూ చప్పట్లు! ఎందుకుండవు? ఒక్కో దెబ్బా ఆ పిల్లను నౌకరికి ఒక్కో అడుగు దగ్గర చేస్తోంది. హీరో మోకాలి మీద తన్ను పడితే "వన్స్ మోర్" అన్నారు. సదయ్య మాత్రం ఎక్స్‌పర్టు కదా, సంతృప్తి పడలేదు.

"మోకాలు వోతే బాయి పైన కూసుండే పని ఇచ్చి సరిపెడ్తరు. కన్ను మీద కొట్టాలె," అని తెరకు సలహా ఇచ్చాడు.

విలన్‌కు అంత బుర్ర లేదు. చివరికి వజ్రపక్షే గెలిచాడు. రెక్క విరగలేదు, కన్ను పోలేదు. తార పరిగెత్తుకొచ్చి కౌగిలించుకుని, "నాన్నా, నీవే నా వీరుడివి!" అంది. ఆ మాట పూర్తయ్యేసరికి సగం హాలు చెప్పులు వెతుక్కుంటోంది. "వందేండ్లొచ్చినా కుర్చీ ఇడువడు వీడు," అని గొణుక్కుంటూ జనం బయటపడ్డారు.

ఇందులో మా ఊరి తప్పేముందో మీరే చెప్పండి. ముసలి హీరోలు మనకు కొత్తా? తెర మీద అరవై దాటినవాళ్లకు ఇప్పటికీ కాలేజీలో సీటు దొరుకుతోంది. ఇద్దరు భుజాలు పడితే గాని నిలబడలేని లీడర్లు వచ్చి నామినేషన్ వేస్తున్నారు. వాళ్లను ఏ బోర్డూ పిలవదు, ఊపిరి ఎంతుందో చూస్తాం, గొట్టం ఊదమనదు. అయినా హీరో కొడుకు హీరో అవుతాడు, లీడర్ కూతురు లీడర్ అవుతుంది. తండ్రికి జలుబు కూడా చెయ్యనక్కర్లేదు! ఆ సౌకర్యం బాయి మనిషికి లేదు కాబట్టి, దేవుడు ఆయనకు రోగాలిచ్చాడు. దేవుడు న్యాయంగానే ఉంటాడు, మనమే అర్థం చేసుకోం.

షేర్ ఆటోలో ఇంటికి వస్తూ మమత అంది.

"బాపూ, ఆ తారకు డ్రెస్సు రాకున్నా సంబురమే అయింది కావచ్చు."

"ఎందుకట్ల?"

"వాళ్ల బాపు మంచిగున్నడు గద."

నర్సింగం నవ్వాడు. "అది బొమ్మ బిడ్డా. దానికి ఆకలైతదా, వయసు మీదవడ్తదా? నీకు గట్ల గాదు. నా ఫికర్ నువ్వు చెయ్యకు, నీ ఫికర్ నేను చేస్త."

అన్నాడే గాని ఆ వారమంతా ఆయనకు అన్నం సయించలేదు. బోర్డువాళ్లు ఫిట్ అంటే బిడ్డ మొహం ఎట్లా చూడాలి? ముప్పై ఏళ్లకు పైగా భూమి కింద పనిచేసి, కూతురికి ఒక్క రోగం సంపాదించి పెట్టలేకపోయాడని వాడకట్టు నవ్వదా? సినిమాలో చూసిందంతా అద్దం ముందు నిలబడి మళ్లీ మళ్లీ చేశాడు. నడుము మీద చెయ్యి, సగం మూసిన కన్ను, సగంలో ఆగిన మాట.

బోర్డు రోజు దవాఖాన గేటు దాకా సదయ్య వెంట వచ్చాడు. పరీక్షకు పోయే పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"పేరడిగితే ఎంటనే చెప్పకు, ఆలోచించు. అక్షరాలు చదువుమంటే పైవరుస ఒక్కటే చదువు. గొట్టం ఊదుమంటే మాత్రం, పసిపోరి నిద్ర లేవకుండ ఊదినట్టు మెల్లగ ఊదాలె. అన్నిటికన్న గొట్టమే ముఖ్యం బావ. ఊపిరి నిండ ఊదినవంటే ఫిట్ రాసి పంపుతరు."

మొదట్లో అంతా బాగానే జరిగింది. పేరు అడిగితే నర్సింగం ఎంతసేపు ఆలోచించాడంటే, డాక్టరుగారే విసుగొచ్చి ఆయన పేరు ఆయనకు చదివి వినిపించారు. అక్షరాల బోర్డు ముందు వజ్రపక్షిలాగే కన్ను చిట్లించి, మొదటి అక్షరం దగ్గరే ఆగి నిట్టూర్చాడు. కుంటడంలో కాలు కూడా మారలేదు. గట్టెక్కినట్టే అనుకున్నాడు.

గొట్టం గదిలో సుహాసిని అనే టెక్నీషియన్ ఉంది. కోస్తానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వాళ్ల అమ్మాయి. మంచి పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. నర్సింగం కొంప ముంచింది ఆ మంచితనమే.

"ఊపిరి బాగా పీల్చి గట్టిగా ఊదాలి బాబాయ్ గారూ. ఊఁ, గట్టిగా... ఇంకా గట్టిగా... ఇంకా ఇంకా ఇంకా..."

ముప్పై ఏళ్ల డ్యూటీ మనిషి! బాయిలో పని చేయించే సర్దారు "గట్టిగ" అంటే గట్టిగా దుంగ ఎత్తినవాడు, "ఇంక" అంటే ఇంకా భుజం ఆనించినవాడు. ఆ మాట చెవిన పడితే ఆయన ఒళ్లు ఆయన్ను అడగదు. ఊదేశాడు. కళ్లు బైర్లు కమ్మేదాకా, మెడనరాలు ఉబ్బేదాకా ఊదాడు. గొట్టం నోట్లోంచి తీశాక గాని సదయ్య చెప్పిన పసిపోరి గుర్తుకు రాలేదు.

మూడుసార్లు ఊదాలట. బతికాననుకున్నాడు. రెండోసారి మెల్లగా ఊదాలని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ పిల్ల "గట్టిగా" అంది, ఒళ్లు మళ్లీ మాట వినలేదు. మూడోసారీ అంతే.

"అమ్మా, ఇంకొక్కసారి ఊదుత. ఈసారి సరిగ్గ ఊదుత," అని బతిమాలాడు.

"అక్కర్లేదు బాబాయ్ గారూ. మీకు చేతనైనంతా ఊదారు, అంతే కావాలి," అందా పిల్ల.

బయటికి ఎలా వచ్చాడో, కుంటుతూ వచ్చాడో మామూలుగా వచ్చాడో కూడా నర్సింగానికి తెలియలేదు. గేటు దగ్గర సదయ్య ఎదురొచ్చాడు.

"గొట్టం?"

"ఊదిన."

"ఎంత?"

"నిండ. మూడుసార్లు."

సదయ్య అక్కడే రోడ్డు పక్కన గద్దె మీద కూలబడి నెత్తి కొట్టుకున్నాడు. "ఇంత కష్టపడి ముసలోన్ని చేస్తె, గొట్టం దగ్గర పహిల్వాన్‌వైతివి గదనె."

ఇంట్లో పొయ్యి వెలిగింది గాని ఎవరూ తిన్నది లేదు. ఐలవ్వ తిట్టింది, ఏడ్చింది, మళ్లీ తిట్టింది. మమత మాత్రం, "పోనీ తియ్ బాపు, దుకాణం ఉన్నది గదా," అని చెప్పి డ్యూటీకి పోయింది. ఆ మాట నర్సింగాన్ని ఐలవ్వ తిట్ల కంటే ఎక్కువ బాధపెట్టింది. తన ఊపిరిని తనే తిట్టుకున్నాడు. పాడు ఊపిరి, ఆ ఒక్క గడియ తగ్గి ఉంటే ఏం పోయేది? మనిషన్నవాడు తన బలాన్ని తను అంతగా అసహ్యించుకోవడం నేను వేరే ఏ ఊళ్లోనూ వినలేదు.

వారం తిరిగాక దవాఖాననుంచి పిలుపొచ్చింది. నర్సింగం ఒక్కడే పోయాడు. తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు ఐలవ్వ, సదయ్య ఎదురుచూస్తున్నారు. మమత దుకాణానికి పోకుండా గడపలో నిలబడి ఉంది.

"అన్‌ఫిట్ ఇచ్చిండ్రు," అన్నాడు నర్సింగం.

ఇక చూడండి ఆ ఇంటి వైభవం! ఐలవ్వ అక్కడే భూమికి దండం పెట్టింది. సదయ్య పరిగెత్తుకుపోయి లడ్డూల డబ్బాతో వచ్చాడు, వచ్చేటప్పుడు వాడకట్టును కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"కన్ను మీదనే గదా బావ? నేను చెప్పలే, వజ్రపక్షి కన్ను పనికొస్తదని."

"కండ్లు మంచిగున్నయట. మోకాళ్లు కూడ మంచిగనే ఉన్నయట. ఊపిరి మీద ఇచ్చిండ్రు."

"ఏదైతేంది. పిల్లకు నౌకరి వచ్చింది," అని సదయ్య అందరి చేతుల్లో లడ్డూలు పెట్టాడు. వచ్చినవాళ్లు మమత తల నిమిరి, అదృష్టవంతురాలివని చెప్పి పోయారు.

జనం పలచబడ్డాక మమత తండ్రి పక్కన వచ్చి కూర్చుంది. చేతిలో లడ్డూ అట్లాగే ఉంది.

"బాపూ, ఆ గొట్టం... మెల్లగ ఊదినవా?"

"ఏడ మెల్లగ? చెప్పిన గద, నిండ ఊదిన," అన్నాడు నర్సింగం నవ్వుతూ. "మూడుసార్లు. నా ఒంట్ల ఉన్నదంత..."

నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయనకు కూడా అప్పుడే అర్థమైంది. ఐలవ్వ గ్లాసుతో నీళ్లు తెస్తున్నదల్లా గడపలోనే నిలబడిపోయింది. సదయ్య తన చేతిలోని డబ్బా మూత పెట్టి, మళ్లీ తీశాడు.

"నాకీ నౌకరి వద్దు బాపు," అంది మమత. ఏడుపు ఆపుకోలేకపోయింది.

నర్సింగం కూతురి చేతిలోని లడ్డూ తీసుకుని, తుంచి, ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"నువ్వు వద్దంటే నా ఊపిరి నాకు వాపస్ ఇస్తరా బిడ్డా? తిను."

మమత వచ్చే నెల డ్యూటీలో చేరుతోంది. వాడకట్టులో చిన్నాపెద్దా ముబారక్ చెప్పి పోయారు, శ్రీరాంపూర్ చుట్టాలు ఫోన్ చేశారు. నర్సింగం ఎలా ఉన్నాడని అడిగినవాళ్లు మాత్రం లేరు. వాళ్లనని ఏం లాభం? మీరు నొచ్చుకోనంటే ఒక మాట అడుగుతాను. ఇంతసేపూ మీరు చదివింది కూడా, ఆ పిల్లకు నౌకరి వస్తుందా రాదా అనే కదా?